తర్వాత చేస్తాను నాన్నా

పొద్దున మిరన్ లేచి వసారాలోకి వచ్చేసరికి వాళ్ళ నాన్న మన్‌బొక్ అప్పటికే రెండు బుట్టల పెర్సిమన్ పళ్ళకు చెక్కు తీసేశాడు. అక్టోబరు ఆఖరుకొస్తే సాంగ్జు ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఇదే పని. ఊరంతా కరెంటు మిషన్లు కొనుక్కున్నా ఈయనగారికి మాత్రం చాకే కావాలి. డెబ్బై ఆరేళ్ళ మనిషి, పీట మీద ముడుచుకుని కూర్చుని పండును తిప్పుతుంటే తొక్క తెగకుండా జారి ఒళ్ళో పడుతోంది. చెక్కిన పండును తాడుకున్న కొక్కేనికి తగిలించి ఎండబెట్టడం పోయినేడాది దాకా మిరన్ వాళ్ళమ్మ పని. ఇప్పుడు అదీ ఆయనే చేసుకుంటున్నాడు.

వాళ్ళమ్మ ఒక్‌బున్ పక్కనే చక్రాల కుర్చీలో ఉంది. కుడి చెయ్యి ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టి మర్చిపోయిన వస్తువులా ఉంది. కూతుర్ని చూడగానే ఆవిడ ముఖంలో ఎడమవైపు మాత్రం నవ్వింది.

"తిన్నావా?" అంది.

"ఇప్పుడేగా లేచానమ్మా. తింటాను."

"తిన్నావా?"

ఎనిమిది నెలలుగా ఆవిడ నోట్లో మిగిలిన మాట అదొక్కటే. దాహమేసినా, నొప్పి పుట్టినా, కోపమొచ్చినా అదే మాట. ఫిబ్రవరిలో ఒక చలి పొద్దున మెదడులో ఎడమపక్క రక్తనాళం పూడుకుపోయి ఆవిడ వంటింట్లో కూలిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, ఉన్న మాటలన్నీ ఆ పొద్దుటితో పోయాయి. జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు, అందరితో అన్న ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఎక్కడో తప్పించుకుని మిగిలింది.

"బండి ఎన్నింటికి?" తల ఎత్తకుండానే అడిగాడు మన్‌బొక్.

"పదకొండింటికన్నాడు అన్నయ్య."

"ఊఁ."

గది మూల అమ్మ సంచి సర్ది ఉంది. తేగు పట్నంలో, ఇలాంటి వాళ్ళను పడుకోబెట్టి చూసుకునే ఆసుపత్రిలో ఒక మంచం ఖాళీ అయింది. ఖాళీ అయిందంటే అక్కడి మనిషి ఎక్కడికి పోయిందో ఎవరూ అడగరు. అన్నయ్య తెసిక్ ఆ మంచం పట్టేసుకున్నాడు. పోయిన వారం అతను ఇంటికొచ్చినప్పుడు అమ్మ బొటనవేలి గోరు కింద ఎండిన నల్లటి రక్తపు చుక్క కనిపించింది. అమ్మకు అరక్క కడుపు బిగుసుకుంటే నాన్న పాత అలవాటు చొప్పున వేలికి దారం కట్టి సూదితో పొడిచాడన్నమాట. తెసిక్ ఆ వేలు పట్టుకుని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఈ మనిషి చేతుల్లో అమ్మను ఇక ఒక్కరోజు కూడా ఉంచనన్నాడు.

ఎందుకంటే ఫిబ్రవరిలోనూ జరిగింది సూదే. ఒక్‌బున్ మూతి వంకరపోయి కింద పడితే, మన్‌బొక్ సూదిని తల వెంట్రుకల్లో ఒకసారి రాసి, పది వేలికొసలూ పొడిచి రక్తం పిండాడు. వాళ్ళమ్మ అలాగే చేసేది, వాళ్ళ నాయనమ్మా అలాగే చేసేది. ఆ తర్వాత బంగారు రేకు చుట్టిన గోరోచనం మాత్ర నీళ్ళలో అరగదీసి నోట్లో పోశాడు. అంబులెన్సు ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆవిడ పడిపోయింది ఆరున్నరకు.

మిరన్ పీట లాక్కుని నాన్న ఎదురుగా కూర్చుంది. ఆమె చెక్కిన మొదటి పండు తొక్క మూడు ముక్కలైంది.

"ఇదా చదువుకున్న చెయ్యి!" అన్నాడు మన్‌బొక్.

"నా చెయ్యి ఎలకలకు అలవాటు నాన్నా, పళ్ళకు కాదు."

ఆయన కొంచెం నవ్వాడు. తర్వాత, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగాడు.

"ఆ రోజు డాక్టరు నెత్తురు గడ్డ బయటికి లాగేశాం, దారి తెరుచుకుందన్నాడు కదమ్మా. నేను విన్నాను. మరి దారి తెరుచుకుంటే మీ అమ్మ ఎందుకు లేవలేదు?"

మిరన్ రోజూ చేసే పని అదే. తేగు యూనివర్సిటీలో ఎలకల మెదడులో రక్తం ఆపి, ఆ సన్నటి నాళాలు ఏం చేస్తాయో మైక్రోస్కోపులో చూస్తుంది. ఆమెకు డాక్టరేటు పట్టా వచ్చినప్పుడు ఊరి మొదట్లో 'మన్‌బొక్ కూతురు మిరన్ డాక్టరైంది' అని ఇంత పొడుగు బ్యానర్ కట్టారు. ఎలకల డాక్టరని ఎవరికీ పట్టలేదు. ఊళ్ళో తలనొప్పి వచ్చిన ప్రతివాడూ మన్‌బొక్ దగ్గరికొచ్చి మీ అమ్మాయిని అడిగి చెప్పవా అనేవాడు.

"మన పొలం కాలువ ఉంది కదా నాన్నా. పెద్ద కాలువ, దాన్నుంచి పిల్లకాలువలు, చివర మడికి నీళ్ళిచ్చే బోదెలు. డాక్టర్లు పెద్ద కాలువలో అడ్డం తీశారు."

"ఊఁ."

"బోదెల్లాంటి నాళాలు వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. వాటిని చుట్టుకుని కొన్ని కణాలుంటాయి. ఎంత రక్తం వదలాలో చూసి బిగిస్తుంటాయి, సడలిస్తుంటాయి."

"తూము దగ్గర కాపలా మనిషిలాగా."

"అలాగే. రక్తం ఆగిపోయిందనుకో, వాటికీ ఊపిరాడదు. ఉన్న బలమంతా పెట్టి బిగించేస్తాయి. బిగించి అలాగే చచ్చిపోతాయి. చచ్చాక పట్టు వదలవు. ఇంక పెద్ద కాలువ ఎంత పారినా మడిలోకి చుక్క పోదు."

మన్‌బొక్ చేతిలో చాకు ఆగింది. "ఎంతసేపట్లో చచ్చిపోతాయి?"

మిరన్ ఆ ప్రశ్న కోసమే భయపడుతూ వచ్చింది. "కొన్ని నిమిషాల్లో మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ ఎక్కువవుతుంది."

"గంటలు," అన్నాడు ఆయన. తనలో తాను ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. "చచ్చిన చోటు ఇప్పుడు ఎలా ఉంటుంది? ఖాళీగానా?"

"చుట్టూ గోడ కట్టేస్తాయి. నక్షత్రాల్లా కాళ్ళున్న కణాలు వేరే ఉంటాయి. మామూలప్పుడు మెదడుకు తిండీ నీళ్ళూ అందించేవి అవే. దెబ్బ తగిలితే ఒకదాన్నొకటి పెనవేసుకుని ఆ చోటు చుట్టూ దడి కట్టేస్తాయి. దాన్ని దాటి కొత్త నరాల తీగలు పోవడం కష్టం."

"అయితే ఆ గోడ చెడ్డదన్నమాట."

"అలాగే అనుకునేవాళ్ళు. ఎలకల్లో గోడ కట్టనివ్వకుండా చేసి చూశారు. లోపలి కుళ్ళు పక్కకు పాకి గాయం ఇంకా పెద్దదైంది."

మన్‌బొక్ చేతిలోని పండును ఇటూ అటూ తిప్పి చూశాడు. "అయితే ఉండనీలే," అన్నాడు. మళ్ళీ చాకు తిప్పడం మొదలుపెట్టాడు.

ఆ క్షణంలో చెప్పాల్సింది. తప్పు నీ ఒక్కడిది కాదు నాన్నా అనాల్సింది. మిరన్ నోరు తెరిచి, ఇంకో పండు తీసుకుంది.

ఆ ఫిబ్రవరి పొద్దున మైక్రోస్కోపు ఆమె వంతు. ఐదింటికే చీకటి గదిలో కూర్చుంది. ఆరున్నరకు ఎలక మెదడులో నాళం మూసింది. మొదటి నిమిషాలే ముఖ్యం, ఆ కణాలు బిగుసుకోవడం అప్పుడే కనపడుతుంది. తెర మీద సన్నటి నాళాలు ఒక్కొక్కటే నొక్కుకుపోతుంటే కన్నార్పకుండా చూస్తోంది. అప్పుడు జేబులో ఫోన్ వణికింది. నాన్న. పొద్దున్నే ఫోన్ చేసి ఎండు పళ్ళు పంపనా, కిమ్చీ పచ్చడి అయిపోయిందా అని అడగడం ఆయన అలవాటు. వదిలేసింది. ఆరు నిమిషాలకు మళ్ళీ వణికింది. మూడోసారి వణికాక చిరాకేసి, ఒక చేత్తో మెసేజ్ కొట్టింది. 'ప్రయోగంలో ఉన్నాను. తర్వాత చేస్తాను నాన్నా.'

తర్వాత అంటే తొమ్మిదీ పది. "అమ్మాయ్, మీ అమ్మ మూతి ఇంకా తిరగలేదు. సూది వేశాను, మాత్ర పోశాను, నువ్వు చేస్తావని చూస్తున్నాను," అన్నాడు మన్‌బొక్ ఫోన్‌లో. కూతురు మెదడు డాక్టరు. తర్వాత చేస్తానంది. అంటే అంత కంగారేం లేదని ఆయన అనుకున్నాడు. ఆమె ఫోన్‌లో వేసిన కేక ఆమెకే ఇప్పటికీ వినిపిస్తుంటుంది.

ఆసుపత్రి వరండాలో తెసిక్ నాన్నను పట్టుకుని నిలదీసినప్పుడు ఆమె పక్కనే ఉంది. ఇప్పుడు చెప్పేస్తాడు అనుకుంది. "ఎవరికీ ఫోన్ చెయ్యాలని తట్టలేదురా," అన్నాడు మన్‌బొక్. ఆమె వైపు చూడనైనా లేదు. ఆ రోజునుంచి ఇంట్లో ఆ అబద్ధమే నిజం. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ తర్వాత తెసిక్ నాన్నను తిట్టిన ప్రతిసారీ ఆమెకు కొంచెం ఊపిరాడేది. రెండు మూడుసార్లు తనూ ఒక మాట కలిపింది.

పదకొండు కాకముందే గేటు ముందు తెల్ల బండి ఆగింది. వెనకే తెసిక్ కారు. తేగులో టైర్ల దుకాణం నడిపే మనిషి, గొంతు కూడా ఆ దుకాణానికి తగ్గట్టే ఉంటుంది. బూట్లు విప్పి వసారా ఎక్కుతూనే చుట్టూ చూశాడు.

"అమ్మకు కోటు తొడగలేదా ఇంకా? బండతను ఆగడు. సూది డబ్బా ఏది?"

"సూది డబ్బా నీకెందుకురా?" అన్నాడు మన్‌బొక్.

"పారేస్తాను. అమ్మ వెళ్ళాక నీకు నువ్వు పొడుచుకున్నా నేను చూడ్డానికి ఉండను కదా."

డబ్బా అల్మారా మీదే ఉంది. పాత బిస్కెట్ల డబ్బా, లోపల దారపు ఉండలు, బొత్తాలు, సూదులు. ఒక్‌బున్ పెళ్ళైన కొత్తలో కొన్నది. తెసిక్ దాన్ని చంకలో పెట్టుకున్నాడు. మన్‌బొక్ లేచాడు.

"తేరా. అది మీ అమ్మది."

"అమ్మదే! అమ్మ వస్తువుతో అమ్మనే పొడిచావు!"

"అన్నయ్యా, మెల్లగా," అంది మిరన్. "అమ్మ వింటోంది."

"విననీ. ఈయన మాట వినేగా ఇలా అయింది! నాన్నా, నేను ఒక్కటే అడుగుతా. ఎనిమిది నెలలుగా అడుగుతున్నా. పది వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని పొడవడానికి చేతులాడాయి గానీ, అంబులెన్సు కోసం ఒకటీ ఒకటీ తొమ్మిదీ నొక్కడానికి ఆడలేదా? మూడంకెలు! మా ఆరేళ్ళ కూతురికి వచ్చు ఆ నంబరు!"

"తట్టలేదురా."

"ఎప్పుడు చూడు తట్టలేదు, తట్టలేదు! పక్కింటివాణ్ణి పిలవాలని తట్టలేదు, నన్ను పిలవాలని తట్టలేదు. సరే, నేను టైర్లోణ్ణి. ఊరు మొదట బ్యానర్ కట్టించుకున్న కూతురుంది కదా! మెదడు గురించి దీనికి తెలిసినంత ఎవరికి తెలుసు? ఉన్న ఒక్క కూతురికి ఒక్క ఫోన్ చెయ్యాలని కూడా తట్టలేదా నీకు?"

మన్‌బొక్ కళ్ళు ఒక్క క్షణం మిరన్ మీదికి వచ్చాయి. అడగడానికి కాదు, అదిలించడానికి కాదు. నువ్వూరుకో అన్నట్టు. వెంటనే కిందికి చూశాడు.

"లేదు," అన్నాడు. "తట్టలేదు."

"చేశాడు," అంది మిరన్.

తెసిక్ తిరిగి చూశాడు. "ఏమిటి?"

"నాన్న నాకు ఫోన్ చేశాడు."

"అమ్మాయ్, ఉండనీ," అన్నాడు మన్‌బొక్.

"మూడుసార్లు చేశాడు. ఆరూ ముప్పై ఐదుకు ఒకసారి, నలభై ఒకటికి ఒకసారి, ఆరూ యాభైకి ఒకసారి. నేను ఎత్తలేదు."

"ఉండనీ అంటున్నానా!"

మిరన్ ఫోన్ తీసింది. చెరపలేదు, ఆ నెలనుంచి తిరిగి చూడనూ లేదు. ఫిబ్రవరి దాకా వెనక్కి జరుపుకుంటూ పోయి అన్న చేతికిచ్చింది. తెసిక్ డబ్బా కింద పెట్టి, ఫోన్‌ను దూరంగా పట్టుకుని, బడిపిల్లాడిలా పైకి చదివాడు. "ప్రయోగంలో ఉన్నాను. తర్వాత చేస్తాను నాన్నా." ఇంకోసారి లోపల చదువుకున్నాడు. బయట బండతను ఒకసారి హారన్ కొట్టాడు.

"నువ్వు ఫోన్ చేసేదాకా..." అన్నాడు తెసిక్.

"నేను చేసేదాకా ఆయన ఆగాడు. డాక్టరు తర్వాత అంది కదా అని ఆగాడు. ఊరికే కూర్చోలేక తెలిసిందేదో చేశాడు. నువ్వడుగుతున్న మూడు గంటల్లో రెండున్నర నావి అన్నయ్యా."

"చుసక్ పండగనాడు పూర్వీకుల పూజ దగ్గర ఆయన చేతిలో మద్యం గిన్నె లాగేసుకున్నాను నేను. ఈ చేతులతో పొయ్యొద్దన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"పులుసు వడ్డించావు. నాన్నకు ముక్కలు తక్కువేశావు కూడా, నేను చూశాను. సరిగ్గా చేసిందనుకున్నాను."

మిరన్‌కు ఏడుపు రాలేదు. ఏడిస్తే ఎవరైనా ఓదారుస్తారేమోనని అదీ భయంగా ఉంది.

తెసిక్ ఉన్నచోటే కూలబడ్డాడు. కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియని మొహం అతనిది. చివరికి నాన్న మీదికే తిప్పాడు. "నువ్వెందుకు చెప్పలేదు? నేను నిన్ను కుక్కను తిట్టినట్టు తిడుతుంటే ఎందుకు నోరు మూసుకున్నావు?"

మన్‌బొక్ చేతికంటిన పండు జిగురును పంట్లానికి తుడుచుకున్నాడు.

"దీని పని చేతులతో చేసేదిరా," అన్నాడు. "ఎలక తలలో అంత సన్నటి దారం కట్టాలంట. ఒకసారి చూపించింది నాకు. చెయ్యి వణికితే పనికిరాదు. నాదేముంది, చెక్కు తీసే చెయ్యి. నువ్వు తిడితే తిట్టావు. మీ అమ్మ ఎలాగూ తిరిగిరాదు. ఇదైనా మిగలాలి కదా."

"మిగల్లేదు నాన్నా," అంది మిరన్. "ఆ రోజు తీసిన బొమ్మలు నేను ఇంతవరకు తెరవలేదు. సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. మార్చినుంచి ఒక్క ప్రయోగం చెయ్యలేదు. ఎవరికీ చెప్పలేదు."

మన్‌బొక్ ముఖం అప్పుడు చెదిరిపోయింది. ఎనిమిది నెలలు ఆయన దేన్ని కాపాడుకుంటూ వచ్చాడో అది ఎప్పుడో పోయిందని ఇప్పుడు తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, శబ్దం రాకుండా, భుజాలు ఊగేలా ఏడ్చాడు. కొడుకూ కూతురూ ఆయన ఏడవడం ఇదివరకు చూడలేదు. ఆసుపత్రిలో కూడా ఏడవలేదాయన.

తెసిక్ లేచి గేటు దాకా వెళ్ళాడు. బండతనితో ఏదో మాట్లాడటం, అతను విసుక్కోవడం, తెసిక్ రెండుసార్లు వంగి క్షమించమనడం వసారాలోకి కనిపించింది. తెల్ల బండి ఖాళీగా వెనక్కి తిరిగింది. తెసిక్ తిరిగొచ్చి ఎవరి మొహం చూడకుండా అన్నాడు.

"పళ్ళు ఎండేదాకా ఉంటుంది. డిసెంబరు దాకా. శని ఆదివారాలు నేనొస్తాను, మిగతా రోజుల్లో నువ్వెలా రాగలవో చూసుకో. ఆ తర్వాత సంగతి తర్వాత." తర్వాత అన్న మాట నోట్లోంచి వచ్చాక అతనే ఇబ్బందిపడి, కారులోంచి టైర్ల మీద రాసే లావు తెల్ల పెన్ను తెచ్చాడు. బిస్కెట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత నిండా 119 అని రాశాడు. "పారెయ్యనులే. కానీ ఇది తెరవాలంటే ముందు ఇది చూడాలి. చూశాక ముందు ఫోన్, తర్వాతే సూది. అర్థమైందా నాన్నా?"

"అయింది."

"నాకు చెయ్యొద్దు, దీనికి చెయ్యొద్దు. ఈ నంబరుకు."

"అయిందన్నానుగా."

అతను డబ్బాను తల్లి కుర్చీ పక్క బల్ల మీద పెట్టాడు. నాన్నను క్షమాపణ ఎలా అడగాలో తెలియని పెద్దకొడుకు, చెక్కిన పళ్ళ బుట్ట లాక్కుని ఒక్కొక్కటే కొక్కేలకు తగిలించడం మొదలుపెట్టాడు. మన్‌బొక్ కాసేపు చూసి, "కాడ పైకి పెట్టరా," అన్నాడు.

మిరన్ తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆవిడకు ఇదంతా ఎంత అర్థమైందో ఎవరికీ తెలియదు. బహుశా అమ్మకు అందరికంటే ముందునుంచే తెలుసు. ఆ పొద్దున ఆవిడ నేల మీద పడి ఉండి, మొగుడు మూడుసార్లు ఫోన్ చెయ్యడం విన్నది కదా. ఆ సంగతి మిరన్‌కు ఇప్పుడే తట్టింది. తల పైకెత్తే ధైర్యం లేకపోయింది.

ఒక్‌బున్ ఎడమ చెయ్యి కూతురి భుజం మీద పడింది. అక్కడినుంచి మెల్లగా కిందికి రాసింది. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకు, గట్టిగా, రక్తాన్నంతా కిందికి తోస్తున్నట్టు. చిన్నప్పుడు కడుపునొప్పని ఏడిస్తే సూది వేసేముందు ఆవిడ చేసేది అదే. రెండోసారి, మూడోసారి రాసి, బొటనవేలు పట్టుకుంది. చూపు బల్ల మీది డబ్బా వైపు తిరిగింది.

"తిన్నావా?" అంది గట్టిగా.

"అరగలేదనుకుంటోంది," అన్నాడు మన్‌బొక్. "నువ్వు ఏడుస్తుంటే."

ఒక్‌బున్ డబ్బా మూత తోసి, దారపు ఉండ తీసింది. వేలికి చుట్టాలంటే రెండో చెయ్యి కావాలి. ఆవిడ కుడి చేతి వైపు చూసింది. అది రాలేదు. కోపంగా ఇంకోసారి చూసింది. మన్‌బొక్ వచ్చి పక్కన కూర్చుని, భార్య చేతిలోని దారాన్ని అందుకుని కూతురి బొటనవేలికి నాలుగు చుట్లు చుట్టాడు. సూది తీశాడు గానీ, పట్టుకుని ఆగిపోయాడు. అడిగే ధైర్యం లేక కూతురి మొహంలోకి చూశాడు. వెనక తెసిక్ చేతిలో పండు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మిరన్ వేలు ముందుకు చాపింది. "కానివ్వు నాన్నా."

మన్‌బొక్ సూదిని తల వెంట్రుకల్లో ఒకసారి రాసి పొడిచాడు. గోరు కింద నల్లటి చుక్క ఒకటి లేచింది. ఒక్‌బున్ దాన్ని దగ్గరగా వంగి చూసి, తృప్తిగా ఊపిరి వదిలింది.

"తిన్నావా?"

"లేదమ్మా," అంది మిరన్. "ఇప్పుడు తింటాను. నువ్వూ రా."